మూడో అడుగు

నెమలిపాడులో యలమందయ్య మాస్టారి విజిల్ పడని మనిషి లేడు, గేదె లేదు, ఆర్టీసీ బస్సు లేదు. ఒక్క భవ్య తప్ప. విజిల్ పడాలంటే ఏదో ఒకటి చెయ్యాలి, లేదా నోరు తెరవాలి. ఆ పిల్ల రెండూ చేసే రకం కాదు. తలొంచుకుని పోతుంది, తలొంచుకుని వస్తుంది. చూడవలసినవి మాత్రం అన్నీ చూస్తుంది.

మాస్టారు పొద్దున పళ్ళు తోముకోకముందే మెడలో విజిల్ వేసుకుంటాడు. ఎవరు ఏ తప్పు చేసినా ఊదుతాడు. ఊది ఊరుకోడు. ఒక చెయ్యి పైకెత్తి, రెండో చేత్తో తప్పు చేసినవాణ్ణి చూపించి, అది ఏ రకం తప్పో సైగలతో ఊరందరికీ చెబుతాడు. ఇన్నేళ్ళలో ఆ సైగలు తెలియనివాడు ఊళ్ళో మిగల్లేదు. పాలకేంద్రం దగ్గర ఎవడైనా వరస తప్పి ముందుకు దూరితే, మాస్టారు రెండు చేతులూ నడుం మీద పెట్టుకునేలోగా వాడే క్యాన్ తీసుకుని వెనక్కి పోతాడు. అలా నడుం మీద చేతులు పెడితే ఒకరి దారికి ఒకరు అడ్డం పడ్డారని.

ఎవరికైనా రోజుకి నాలుగు తప్పుల దాకా మాఫీ. ఐదోది పడితే ఇక ఆ రోజు వాళ్ళతో మాట్లాడడు. బాస్కెట్‌బాల్‌లో ఐదు ఫౌళ్ళు చేసినవాడు బయట కూర్చోవాలి కదా, అలాగన్నమాట. ఆయన భార్య హనుమాయమ్మ మధ్యాహ్నం భోజనాలయ్యేలోపే ఐదూ పూర్తి చేసుకునేది.

"ఉప్పు ఎక్కువేసి రెండు, వేపుడు మాడ్చి ఒకటి, ఎదురుచెప్పి రెండు. ఇంక పొద్దుగూకేదాకా నా ప్రాణానికి హాయి," అని మిరపకాయలకు తొడిమలు తీసేచోట తోటి ఆడవాళ్ళకు చెప్పేది.

వేసవిలో ఊళ్ళోకి నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడల్లా జానీబీకీ ఎదురింటి సుబ్బులుకీ యుద్ధం జరిగేది. ఒకరోజు మాస్టారు బిందెల మధ్యకు పోయి నిలబడి విజిల్ ఊదాడు.

"ఇట్టా ఇద్దరూ ఒకేసారి అరిస్తే ఎవరి పాయింటూ లెక్కకు రాదు. ఒకరికి ఇరవై నాలుగు సెకన్లు. ఆలోగా తిట్టాల్సింది తిట్టెయ్యాలి. జానీబీ, బంతి నీది."

జానీబీ గొంతు సవరించుకుంది. సుబ్బులు ముత్తాత దగ్గర ఎత్తుకుంది. ముత్తాత నుంచి తాతకు దిగి, తాత నుంచి తండ్రి దాకా వచ్చేసరికి విజిల్ పడింది.

"ఇంకా దాని దగ్గరికే రాలా మాస్టారూ," అంది జానీబీ దిగులుగా.

"షాట్ క్లాక్ అయిపోయిందమ్మా. సుబ్బులూ, నువ్వు కానియ్యి."

సుబ్బులు కూడా ముత్తాత దగ్గరే ఎత్తుకుంది. ఆ తర్వాత ఆ వీధిలో తిట్లు తగ్గిపోయాయి. ఇరవై నాలుగు సెకన్లలో సరిగా తిట్టడం ఎవరికీ చేతకాలేదు.

అంకమ్మరావు పెళ్ళి సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. అంకమ్మరావు శివరామకృష్ణ పక్కచేను రైతు. శివరామకృష్ణ అంటే భవ్య అన్న. వధూవరులు అగ్నిహోత్రం చుట్టూ ఏడడుగులు వేస్తున్నారు. మూడో అడుగు దగ్గర పందిరి అదిరిపోయేలా విజిల్ పడింది. సన్నాయివాళ్ళు ఆపేశారు. మాస్టారు లేచి నిలబడి, రెండు పిడికిళ్ళూ ఒకదాని చుట్టూ ఒకటి గిరగిరా తిప్పాడు. నడకలో తప్పు జరిగిందని ఆ సైగకు అర్థం.

"ఏందయ్యా యలమందా ఇది?" అన్నాడు పంతులు జానకిరామయ్య గారు.

"చేతిలో ఉన్నదాన్ని పట్టుకుని రెండడుగులకు మించి వెయ్యకూడదు పంతులుగారూ. ట్రావెలింగ్."

"శాస్త్రంలో ఏడున్నాయయ్యా."

"మా శాస్త్రంలో రెండేనండి. మధ్యలో ఒకసారి నేలకు కొట్టి పట్టుకుంటే మాత్రం ఎన్నయినా వెయ్యొచ్చు."

"పెళ్ళికూతుర్నా మాస్టారూ?" అన్నాడు టీకొట్టు అల్లాబక్షు వెనకనుంచి.

అంకమ్మరావు నవ్విన నవ్వుకి నుదుటి బాసికం జారి ముక్కు మీదికొచ్చింది. ఫోటోల్లో ఇప్పటికీ అలాగే ఉంది.

ఇంతకీ ఈ విజిల్ జబ్బు ఎక్కడిదంటే, దానికి ఒక సీజన్ కథ ఉంది.

యలమందయ్య మాస్టారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. పొదిలి చుట్టుపక్కల పిల్లలందరూ క్రికెట్ బ్యాట్లు పట్టుకుని తిరిగే రోజుల్లో ఆయన బడి వెనక సిమెంటు కోర్టు పోయించి, రెండు ఇనప స్తంభాలు పాతించి బాస్కెట్‌బాల్ నేర్పాడు. ఊళ్ళోవాళ్ళు ఆ సిమెంటు నేల చూసి సంబరపడి మిరపకాయలు ఆరబోశారు. ఆయన విజిల్ ఊది కాయలెత్తించేవాడు, వాళ్ళు మర్నాడు మళ్ళీ పోసేవాళ్ళు. ఆ కోర్టులో బంతి ఆడిన పిల్లలందరికీ తుమ్ములొచ్చేవి. తుమ్ముతూనే ఒకడు నిలబడ్డాడు. వాడే శివరామకృష్ణ. మిరపఘాటులో కళ్ళు మూసుకుని కూడా గురి తప్పనివాడు.

మాస్టారు రిటైరయ్యే లోపల మూడుసార్లు రెఫరీ పరీక్ష తప్పి నాలుగోసారి పాసయ్యాడు. సరిగ్గా అప్పుడే దేశం మొత్తానికీ కలిపి డబ్బున్నవాళ్ళు ఒక బాస్కెట్‌బాల్ లీగు పెట్టారు. ఎనిమిది జట్లు, రంగురంగుల దీపాలు, టీవీలో మ్యాచ్‌లు. క్రికెట్ లాగే ఇదీ ఏటేటా నడుస్తుందన్నారు. ఒక్క సీజనే నడిచింది. ఆ ఒక్క సీజన్లోనూ నెమలిపాడు మనుషులు ఇద్దరున్నారు. శివరామకృష్ణ కోస్టల్ కింగ్స్ జట్టులో పదకొండో నంబరు ఆటగాడు. యలమందయ్య మాస్టారు చారల చొక్కా రెఫరీ.

ఒకే ఊరివాళ్ళని ఒకే మ్యాచ్‌లో వెయ్యరు. కానీ సెమీఫైనల్ రోజున ఊదవలసిన రెఫరీకి జ్వరమొచ్చింది. ఆఖరి గంటలో మాస్టారిని నిలబెట్టారు.

నెమలిపాడంతా పంచాయతీ ఆఫీసు ముందు టీవీ పెట్టుకుని కూర్చుంది. భవ్య అప్పుడు పదో తరగతి. ముందువరసలో మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని రెప్పవెయ్యకుండా చూసింది. ఇంకా మూడు సెకన్లే ఉన్నాయి. కోస్టల్ కింగ్స్ ఒక్క పాయింటు వెనకబడి ఉంది. శివరామకృష్ణ పరిగెత్తుతూ బంతి అందుకుని, ఇద్దరి మధ్యనుంచి దూసుకుపోయి, ఎగిరి వేశాడు. పడింది. నెమలిపాడు లేచి గంతేసింది. గంతేసిన కాళ్ళు ఇంకా నేలకు దిగకముందే టీవీలోంచి విజిల్ వినపడింది.

ఆ విజిల్ ఎవరిదో నెమలిపాడుకి కళ్ళు మూసుకున్నా తెలుసు.

చారల చొక్కాలో మాస్టారు రెండు పిడికిళ్ళూ తిప్పుతున్నాడు. బంతి పట్టుకుని మూడడుగులు వేశాడని. పడిన బంతి చెల్లలేదు. మూడు సెకన్లు అయిపోయాయి. శివరామకృష్ణ నేల మీద కూర్చుని రెండు వేళ్ళు చూపిస్తూనే ఉన్నాడు. టీవీవాళ్ళు ప్రకటన వేశారు.

మాస్టారు ఊళ్ళోకి రాగానే అల్లాబక్షు టీ పోయకుండా అడిగాడు. "మనోడే గదా మాస్టారూ. ఒక్కసారి గుటక మింగి ఊరుకుంటే పోయేది గదా?"

"విజిల్ నోట్లో ఉంటే గుటక ఎట్టా మింగుతాంరా?" అన్నాడు మాస్టారు.

రెండో సీజన్ వస్తుందని శివరామకృష్ణ ఎదురుచూశాడు. లీగు ఆఫీసు ఫోన్ మోగడం మానేసింది. పాత మ్యాచ్‌లు ఫోన్లో కనపడకుండా పోయాయి. ఆ ఏడే తండ్రి కిడ్నీలు చెడి పోయాడు. అమ్మకు ఈ నేలలోని ఫ్లోరైడు నీళ్ళకే మోకాళ్ళు వంగిపోయాయి. శివరామకృష్ణ బూట్లు అటకెక్కించి, ఉన్నదానికి తోడు ఇంకొంత కౌలుకు తీసుకుని మిరప వేశాడు. తర్వాతి ఏడు ఇంటర్‌లో చేరిన భవ్య ఆరు నెలలే కాలేజీకి పోయింది. ఇంట్లో చేతులు చాలవని మానేసింది. కాలేజీ సంచిలోంచి పుస్తకాలు తీసి బీరువా మీద పెట్టి, అదే సంచిలో అన్నం క్యారేజీ పెట్టుకుని చేనికి పోయింది. ఆ సంచి మీద కాలేజీ పేరు ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు.

నాలుగేళ్ళపాటు శివరామకృష్ణ మాస్టారితో మాట్లాడలేదు. ఆయన ఎదురైతే పక్కసందులోకి తిరిగేవాడు. మాస్టారు ఆ సందు మొదట్లో నిలబడి విజిల్ ఊది, గీత దాటి బయటికి పోయాడని సైగ చేసేవాడు. ఊరు నవ్వేది. భవ్యకు మాత్రం నవ్వు రాలేదు.

నాలుగో ఏడు మిరపకు తామర పురుగు వచ్చింది.

అంతకుముందు కూడా వచ్చేది గాని ఇది వేరే. నల్లగా, నువ్వుగింజలో సగం ఉండేది. పూతలో దూరి కూర్చునేది. ఒక్కో పువ్వు దులిపితే అరచేతిలో ఇరవై కదిలేవి. ఎవరేం మందు చెబితే అది కొట్టారు. పురుగు ఆ మందులోనే స్నానం చేసినట్టు ఇంకా నిగనిగలాడింది. పూత రాలింది, ఆకు ముడుచుకుంది. జనవరికల్లా ఎర్రగా మెరవాల్సిన చేలు బూడిదరంగుకి తిరిగాయి. చాలామంది మొక్కలు పీకి గట్ల మీద కుప్పలు వేశారు. తొడిమలు తీసే పనిలేక ఆడవాళ్ళు ఇళ్ళలో కూర్చున్నారు. మిరపకాయలు ఆరబోసే కల్లాలు ఖాళీగా ఉన్నాయి. ఆ ఏడు ఊళ్ళో ఎవరూ తుమ్మలేదు.

పురుగు మీద కొట్టిన మందు పురుగుని చంపలేదు. అంకమ్మరావుని చంపింది.

అతన్ని వాకిట్లోంచి లేపుతుంటే ఎవరు ఏ పక్క పట్టాలో తెలియక తోసుకున్నారు. కుండ పట్టుకున్నవాడు ముందు నడవాల్సింది వెనక పడ్డాడు. అంతకన్నా చిన్న తప్పులకు మాస్టారు చెవులు చిల్లులు పడేలా ఊదిన రోజులున్నాయి. ఆ రోజు ఊదలేదు. విజిల్ గుప్పిట్లో పెట్టుకుని బిగించి పట్టుకున్నాడు. అందరూ అంకమ్మరావుని చూస్తున్నారు. మాస్టారు శివరామకృష్ణని చూస్తున్నాడు. అరుగు మీద స్తంభం పక్కన నిలబడ్డ భవ్య మాస్టారిని చూసింది.

ఎందుకంటే ఆమె కూడా పది రోజులుగా అన్ననే చూస్తోంది.

శివరామకృష్ణ అన్నం ముద్దలు లెక్కకు తింటున్నాడు. గడ్డం గీసుకోవడం లేదు. ఇవి ఊళ్ళో ప్రతి మగవాడూ చేస్తున్నవే. కానీ మొన్న బీరువా తెరిచి కాయితాలన్నీ సర్దాడు. పొలం పాసుపుస్తకం ఎక్కడుందో, నాన్న చావు కాయితం ఎక్కడుందో అమ్మకు రెండుసార్లు చెప్పాడు. అటక మీది బూట్లు దించి, బడిలో బంతి ఆడే కుర్రాడు జోసఫ్‌కి ఇచ్చేశాడు. "నాకెందుకులేరా," అన్నాడట. భవ్య ఆ మధ్యాహ్నమే చేని దగ్గరి పాకలో ఉన్న మందు డబ్బాలన్నీ తెచ్చి గొడ్లచావిట్లో పాత గడ్డి కింద దాచింది.

"పాకలో డబ్బాలేవి?" అన్నాడు శివరామకృష్ణ సాయంత్రం.

"పాత సామానోడికి వేశా అన్నయ్యా."

అతను మళ్ళీ అడగలేదు. అడిగితే ఆమెకు ఇంత భయం వేసేది కాదు.

అంకమ్మరావు పోయిన మర్నాడు, నాలుగు గంటల వేళ, యలమందయ్య మాస్టారు వాళ్ళ చేని గట్టు మీదికొచ్చాడు. శివరామకృష్ణ పీకేసిన మొక్కల కుప్ప పక్కన కూర్చుని ఉన్నాడు. భవ్య కాస్త దూరంలో పుల్లలు ఏరుతోంది. ఏరడానికేం లేదు, అక్కడ ఉండాలి కాబట్టి ఏరుతోంది. మాస్టారు చేత్తో జేబు తడుముకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. ఏదో చెప్పబోయి ఆగాడు. తర్వాత అన్నాడు.

"మూడడుగులేరా."

శివరామకృష్ణ తలెత్తలేదు. మాస్టారు అతని ముఖంకేసే చూస్తూ మళ్ళీ అన్నాడు.

"నిన్నే. సెమీఫైనల్లో నువ్వేసింది మూడడుగులే."

"పొండి మాస్టారూ."

"పోతా. రేపొస్తా. మూడడుగులే."

మర్నాడు వచ్చాడు. అదే మాట. ఆ మర్నాడూ వచ్చాడు. చచ్చిన పాముని ఇంకెందుకు కొడతాడయ్యా ఈయన అని గట్టున పోయేవాళ్ళు నొచ్చుకున్నారు. నాలుగో రోజు శివరామకృష్ణ నేలకేసి చూస్తూనే అన్నాడు.

"రెండు."

"వినపడలా."

"రెండడుగులని చెబుతున్నా."

"ఏ కాలు ముందు పడింది?"

"ఎడమ."

"అబద్ధం. కుడికాలు. కుడి, ఎడమ, కుడి. మూడు. నా కళ్ళతో చూశా."

"బంతి చేతికి రాకముందు పడిన అడుగు కూడా కలుపుతున్నారు మీరు. అది లెక్కకి రాదు. మీరే నేర్పారు మాకు."

"నేర్పా. నువ్వు నేర్చుకోలా."

శివరామకృష్ణ లేచి నిలబడ్డాడు. ఎన్నో రోజుల తర్వాత అతను అంత గబుక్కున లేవడం భవ్య చూసింది. కొట్టడానికే లేచాడనుకుంది. అతను దుక్కినేలలో పరిగెత్తి చూపించాడు. మట్టి మెత్తగా ఉంది, అడుగులు కలిసిపోయాయి. మాస్టారు ఒంగి ఆ గుంటల్ని చూసి, "ఈ మట్టిలో మనిషి అడుగులేవో ఎద్దు అడుగులేవో ఎవడికి తెలుస్తదిరా," అని వెళ్ళిపోయాడు.

మర్నాటికి శివరామకృష్ణ ఖాళీ కల్లం ఊడ్చాడు. భవ్య దగ్గర ముగ్గుపిండి అడిగి గీతలు గీశాడు. విరిగిన మిరపకాయల తట్ట అడుగు తీసేసి పాక గుంజకు కట్టాడు. బడి నుంచి పాత బంతి తెచ్చాడు. దానికి గాలి లేదు. మాస్టారు బంతిని వేలితో నొక్కి, "నీలాగే ఉంది," అన్నాడు.

అక్కడినుంచి అది ఊరి వ్యవహారమైంది. చేలల్లో పనిలేని మనుషులు నాలుగయ్యేసరికి కల్లం దగ్గరికి చేరేవాళ్ళు. అల్లాబక్షు టీకొట్టే అక్కడికి మోసుకొచ్చాడు. రోజూ శివరామకృష్ణ పరిగెత్తి ఎగిరేవాడు, పిండి మీద పడిన అడుగుల్ని మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని పరీక్షగా చూసి మూడనేవాడు. ఊరు రెండు ముఠాలైంది. జానీబీ రెండంది కాబట్టి సుబ్బులు మూడంది. పంతులుగారిని అడిగితే, "నాకు ఏడే తెలుసు," అన్నారు.

ఇదంతా భవ్యకు చిత్రవధలాగా ఉంది. అన్న అరుస్తున్నాడు, మెడ నరాలు ఉబ్బుతున్నాయి. ఆ ఒక్క విజిల్‌తో అన్న బతుకు ఇటు తిరిగింది. ఇప్పుడు దాన్నే రోజూ తెచ్చి ముఖాన కొట్టాలా? సాయంత్రం గొంతు చించుకోవాలి కాబట్టి అన్న మధ్యాహ్నం కడుపునిండా తింటున్నాడన్నది ఆమె చూసింది. చూసింది గాని, దాన్ని దీనికి కలపలేదు.

ఒకరోజు మాట హద్దు దాటింది. మాస్టారు ఊపుమీదుండి, "ఆట మధ్యలో వదిలేసినోడివి. చేనూ అట్టాగే వదిలేస్తావా ఏందిరా?" అన్నాడు.

శివరామకృష్ణ ముఖంలో రక్తం లేదు. బంతి నేల మీద పెట్టి, చేని వైపు నడిచి వెళ్ళిపోయాడు. భవ్య చెప్పులు కూడా వేసుకోకుండా వెనకే పరిగెత్తింది. అతను మోటారు గది గడప మీద కూర్చుని ఉన్నాడు. ఆమె రెండు బారల దూరంలో కూర్చుంది. చీకటి పడేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. అతను ఒక్కమాటే అన్నాడు. "ఎప్పుడూ నా వెనక తిరుగుతావెందుకే?"

తెల్లారగానే భవ్య మాస్టారింటికి బయల్దేరింది. పుట్టి బుద్ధెరిగాక ఒకరింటికి వెళ్ళి ఒక మాట అనడం ఇదే మొదలు. దారంతా ఆ మాటనే నోట్లో తిప్పుకుంది. "మాస్టారూ, మీరు ఇవాళ్టినుంచి రావద్దు." నాలుగు ముక్కలు. వేపచెట్టు దగ్గర ఒకసారి, పాలకేంద్రం దగ్గర ఒకసారి పెదాలు కదిలించి అనుకుంది. వాకిట్లోకి వెళ్ళేసరికి హనుమాయమ్మ కల్లాపి చల్లుతోంది.

"ఆయన లేడమ్మా. తొలిబస్సుకే పొదిలి పోయాడు. ఆ బంతికి గాలి కొట్టే సూదంట. ఇక్కడ దొరకలా." హనుమాయమ్మ ఆమె ముఖం చూసి బక్కెట్ కింద పెట్టింది. "తిట్టడానికొచ్చావా?"

భవ్య తల అడ్డంగా ఊపింది. తర్వాత నిలువుగా ఊపింది.

"తిట్టాల్సిందే. నిన్న నోరు జారానని రాత్రి అన్నం తినలా. లోపలికి రా."

హనుమాయమ్మ మంచం కింది ట్రంకుపెట్టె లాగింది. మడత నలగని చారల చొక్కా కింద నుంచి పొడుగు కవరొకటి తీసి ఇచ్చింది. కవరు మీద ఆ లీగు ఆఫీసు చిరునామా. దాని మీద అడ్డంగా, ఆ చిరునామాలో ఎవరూ లేరని తపాలావాళ్ళు వేసిన ముద్ర. తేదీ సెమీఫైనల్ అయిన నెలకే. లోపల ఇంగ్లీషులో ఒక కాయితం, దాని వెనకే ముందుగా తెలుగులో రాసుకున్న చిత్తు. భవ్య చిత్తు చదివింది.

"సెమీఫైనల్ ఆఖరి మూడు సెకన్లలో పదకొండో నంబరు ఆటగాడికి నేను ఊదిన విజిల్ తప్పు. రికార్డింగు తెప్పించుకుని ఇరవై సార్లు చూశాను. మొదటి అడుగు పడినప్పుడు బంతి ఇంకా అతని చేతికి చేరలేదు. అతను వేసింది రెండడుగులే. తప్పు నాది. ఫలితం మార్చవలసిందిగా కోరుతున్నాను."

భవ్య కాయితాన్ని మళ్ళీ మొదటినుంచి చదివింది.

"మీ అన్నకు చెప్పాలని నాలుగేళ్ళు తిరిగాడు," అంది హనుమాయమ్మ. "మీవాడేమో సందులో దూరేవాడు. ఈయనేమో విజిల్ ఊదేవాడు. ఇద్దరూ ఇద్దరే. అంకమ్మరావు పోయిన మర్నాడు ఈ కవరు జేబులో పెట్టుకునే మీ చేనికి వచ్చాడు. ఇవాళ కాళ్ళు పట్టుకునైనా ఒప్పుకుంటానే అని నాతో చెప్పి మరీ బయల్దేరాడు."

"మరి..." అంది భవ్య.

"తిరిగొచ్చి కవరు మళ్ళీ పెట్టెలో పడేశాడు. ఏందయ్యా అంటే, వాడు శవంలాగా కూర్చున్నాడే, అన్నాడు. 'మూడడుగులు అన్నప్పుడు మాత్రం వాడి దవడ బిగిసింది. అదొక్కటే కదిలింది వాడిలో. నేను ఇవాళ ఒప్పేసుకుంటే రేపు వాడికి లేచే పనేముంటదే?' అన్నాడు." హనుమాయమ్మ కవరు తీసుకుని మళ్ళీ చొక్కా కింద దాచి పెట్టె మూసింది. "ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. నీకు చెప్పినందుకు ఇవాళ్టికి నాకు ఒకేసారి ఐదూ అయిపోయినయ్. పోనీలే, హాయి."

భవ్య తెచ్చుకున్న నాలుగు ముక్కల్నీ అక్కడ దించకుండానే ఇంటికి తిరిగొచ్చింది.

నాలుగైంది. శివరామకృష్ణ కల్లానికి వస్తాడో రాడో తెలియలేదు. నాలుగుంపావుకి వచ్చాడు. మాస్టారు బంతికి గాలి కొడుతూ తలెత్తకుండా, "నిన్న నాది టెక్నికల్ ఫౌల్, నోటి తప్పు. ఒప్పుకుంటున్నా," అన్నాడు. "అడుగుల సంగతి వేరే. అవి మూడే."

శివరామకృష్ణ బంతి లాక్కుని రెండుసార్లు నేలకు కొట్టాడు. నిండుగా లేచింది. పరిగెత్తాడు, ఎగిరాడు, తట్టలోంచి బంతి కింద పడింది. మాస్టారు పిండిలో మోకాళ్ళేశాడు.

"మూడు."

"ఈయనతో తేలదు," అన్నాడు శివరామకృష్ణ రొప్పుతూ. "ఊరందర్నీ అడిగాం. అందరూ ముఠాలు కట్టారు. భవ్యా, నువ్వు చెప్పవే. ఆ రోజు టీవీ ముందు కూర్చుని చూసింది నువ్వు. మాస్టారూ, ఇది పుట్టాక ఒక్క అబద్ధం ఆడలా. దీని మాట నాకు ఖరారు. మీకు?"

మాస్టారి చెయ్యి విజిల్ దగ్గర ఆగిపోయింది. ఆయన భవ్య వంక చూసిన చూపులో బెదురుంది. ఆమె ఏం చూసిందో ఆయనకు తెలుసు.

కల్లమంతా ఆమె వైపు తిరిగింది. ఇంతమంది ఒకేసారి తన ముఖం చూడటం భవ్యకు కొత్త. చెవులు వేడెక్కాయి. ఆ రోజు ఆమె రెండే చూసింది. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుంటే అవే రెండడుగులు కనిపించేవి. ఎడమ, కుడి. గోరుతో క్యారేజీ సంచి మీది కాలేజీ పేరుని గీకుతూ, నేలకేసి చూస్తూ అంది.

"మూడు."

"ఏందీ?"

"మూడడుగులే అన్నయ్యా. నేను చూశా."

శివరామకృష్ణ నోరు తెరిచి ఆమెనే చూశాడు. మెడ నరాలు ఉబ్బాయి. బంతిని నేలకేసి కొడితే అది అల్లాబక్షు టీ గ్లాసుల మీదుగా ఎగిరి గడ్డివాములో పడింది.

"ఇంటోళ్ళు కూడా అమ్ముడుపోయారా? మీ ఇద్దరికీ కళ్ళు పోయినయ్. ఈ పిండి సరిగా లేదు, అందుకే అడుగులు చెదురుతున్నయ్. రేపు సున్నం తెస్తా. జోసఫ్‌గాణ్ణి అడిగి నా బూట్లు తెస్తా. రేపు బూటు ముద్ర చూపించి ఇద్దరి నోళ్ళూ మూయిస్తా. రేపు ఎవరూ ఎక్కడికీ పోమాకండి."

మూడుసార్లు రేపన్నాడు. భవ్య లెక్కపెట్టింది.

అప్పుడు పడింది విజిల్. ఊరి చివర మేకలు కూడా తలలెత్తేంత గట్టిగా. యలమందయ్య మాస్టారు కుడిచెయ్యి పైకెత్తి, ఎడమచేత్తో భవ్యని చూపించాడు. ఆ తర్వాత టెక్నికల్ ఫౌల్ అని ఒక అరచేతిని నిలబెట్టి రెండో అరచేతిని దాని మీద అడ్డంగా పెట్టాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి, మిరప లేని ఏడాదిలో.

"మధ్యలో మాట్లాడినందుకు," అన్నాడు. "ఒకటి. ఇంకా నాలుగున్నయ్, చూసుకో."

కల్లంలో అందరూ ఘొల్లున నవ్వారు. భవ్య తలొంచుకుని, గడ్డివాములో బంతి వెతకడానికి పోయింది. ఆమె కూడా నవ్వుతోందని వెనకున్నవాళ్ళెవరికీ కనపడలేదు.